అమీర్‌పేటలో దొరకని కోర్సు

అమీర్‌పేటలో దొరకని కోర్సు ఉండదని పేరు. మైత్రీవనం దగ్గర రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. జావా ఫుల్ స్టాక్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, డేటా సైన్స్. వై టూ కే రోజుల్లో ఇవే బిల్డింగుల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్ నేర్చుకుని విమానం ఎక్కినవాళ్ళు మన బాబాయిల్లో, మావయ్యల్లో ఉన్నారు. అందుకే మన క్లబ్‌లో చేరిన సెకండియర్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్నలో వింతేమీ లేదు: "అన్నా, జీసాక్‌కి కోచింగ్ ఎక్కడ బాగుంటుంది?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎక్కడా ఉండదు. ఎందుకు ఉండదో, కోచింగ్ లేకుండా ఎలా ప్రిపేర్ అవ్వాలో చెప్పడానికే ఈ వ్యాసం. నేను పోయిన సంవత్సరం అప్లై చేశాను, సెలక్ట్ అవ్వలేదు. ఈసారి మళ్ళీ చేస్తున్నాను. కాబట్టి దీన్ని విజయగాథలా చదవకండి. దారి మధ్యలో ఉన్నవాడు వెనక వచ్చేవాళ్ళకి చెప్పే గుర్తులు అనుకోండి.

అసలు జీసాక్ అంటే

జీసాక్ అంటే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005లో మొదలైంది. మొదటి ఏడాది 200 మందిని తీసుకుందామనుకున్నారు. దరఖాస్తులు ఎనిమిది వేలు దాటేసరికి ఆ సంఖ్యని 400కి పైగా పెంచారు. అప్పటినుంచి ఏటా జరుగుతోంది. వేసవిలో ఒక ఓపెన్ సోర్స్ సంస్థకి, అక్కడి మెంటర్ల దగ్గర, ఇంటి నుంచే కోడ్ రాస్తాం. గూగుల్ స్టైపెండ్ ఇస్తుంది.

పేరులో గూగుల్ ఉంది కదా అని దీన్ని గూగుల్ ఇంటర్న్‌షిప్ అనుకునేవాళ్ళు చాలామంది. అలా కాదు. మనం పనిచేసేది వికీమీడియా, పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, గ్నోమ్, కేడీఈ, లిబ్రాఆఫీస్ లాంటి సంస్థలకి. ఏ సంస్థకి ఎన్ని స్లాట్లో గూగుల్ చెబుతుంది. ఆ స్లాట్లలో ఎవరిని తీసుకోవాలో ఆ సంస్థ మెంటర్లే తేలుస్తారు. ఈ సంగతి బుర్రకెక్కితే ప్రిపరేషన్ సగం అయినట్టే. మీ ప్రపోజల్ చదివేది ఏదో కంపెనీ హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంట్ అనుకోకండి. ఆ కోడ్‌ని ఏళ్ళ తరబడి, చాలాసార్లు జీతం కూడా లేకుండా, కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆ మనిషికి కావాల్సింది సీజీపీఏ కాదు, మూడు నెలలు తన టైమ్ వృథా చెయ్యని తోడు.

రూల్స్ క్లుప్తంగా. 18 ఏళ్ళు నిండాలి. 2022 నుంచి స్టూడెంట్సే కానక్కర్లేదు, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్ళెవరైనా అప్లై చెయ్యొచ్చు. ప్రాజెక్టులు మూడు సైజుల్లో ఉంటాయి: సుమారు 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు. స్టైపెండ్ దేశాన్నిబట్టి మారుతుంది. మన దేశంలో ఇటీవలి ఏళ్ళలో 175 గంటల ప్రాజెక్టుకి 1,500 డాలర్లు, 350 గంటల దానికి 3,000 డాలర్లు ఇచ్చారు. ఒక మనిషి మూడు ప్రపోజల్స్ వరకు పంపొచ్చు. సంస్థల లిస్టు ఫిబ్రవరి రెండో సగంలో వస్తుంది. ప్రపోజల్స్ తీసుకునేది సుమారుగా మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదట్లో దాకా. ఫలితాలు సుమారుగా మే మొదట్లో. కచ్చితమైన తేదీలు ఏ ఏడాదివి ఆ ఏడాది జీసాక్ సైట్‌లోనే చూసుకోవాలి, సీనియర్ చెప్పాడని నమ్మొద్దు. నాతో సహా.

ముందు లెక్క చూసుకోండి

2025లో 15 వేల మందికి పైగా 23 వేలకు పైగా ప్రపోజల్స్ పంపారు. సెలక్టయినవాళ్ళు 1,300 లోపే. అంటే పన్నెండు మందిలో ఒక్కరు. మన దేశం నుంచి వెళ్ళే పోటీ మరీ ఎక్కువ, ఎందుకంటే ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రోగ్రామ్‌లో ఎక్కువమంది మనవాళ్ళే. మన ఊళ్ళోనే ఉన్న ఐఐఐటీ హైదరాబాద్ పేరు కాలేజీల లిస్టుల్లో ముందు వరసలో చాలాసార్లు కనబడింది. అక్కడ సీనియర్ చేసింది చూసి జూనియర్ చేస్తాడు. మనలాంటి కాలేజీల్లో ఆ గొలుసు ఇంకా కట్టుకోవాలి.

ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. పన్నెండింట్లో ఒక్క ఛాన్స్ కోసం ఆరు నెలలు పెట్టాలంటే, ఆ ఆరు నెలలు రిజల్ట్ మీద ఆధారపడకూడదు. మే నెలలో "నో" అని మెయిల్ వచ్చినా చేతిలో ఏదో మిగలాలి. ప్రతి అడుగు దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఇదే: ఇది రాకపోతే, ఈ పని నాకు మిగులుతుందా? అవును అనిపిస్తే చేస్తాను. కాదు అనిపిస్తే వదిలేస్తాను. ఈ కింద చెప్పేవన్నీ ఆ జల్లెడలో పోసినవే.

మూడు రోజుల డెమో

అమీర్‌పేట నుంచి మనం నేర్చుకోవాల్సిన మంచి పద్ధతి ఒకటుంది: డెమో క్లాస్. ఫీజు కట్టేముందు మూడు రోజులు ఫ్రీగా కూర్చుంటాం. సార్ చెప్పేది ఎక్కితే జాయినవుతాం, లేకపోతే పక్క బ్లాక్‌లో ఇంకో డెమోకి పోతాం. సంస్థని ఎంచుకోడానికి ఇదే వాడండి.

ఫిబ్రవరి దాకా ఆగొద్దు. జీసాక్ సైట్‌లో పాత సంవత్సరాల లిస్టులన్నీ ఉన్నాయి. వరసగా ఏళ్ళ తరబడి వస్తున్న సంస్థలు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ, గ్యారంటీ మాత్రం లేదు. మీకు వచ్చిన లాంగ్వేజ్‌లో కోడ్ ఉన్న ఐదారు సంస్థలు రాసుకుని ఒక్కోదానికి మూడు రోజులివ్వండి.

మొదటి రోజు వాడండి. ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి మామూలు యూజర్‌లా తిప్పండి. వాడనిదాన్ని బాగుచెయ్యలేం.

రెండో రోజు బిల్డ్ చెయ్యండి. కోడ్ క్లోన్ చేసి మీ లాప్‌టాప్ మీద నడపండి. ఇక్కడ వాస్తవం మాట్లాడుకోవాలి. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ మీద, హాస్టల్ వైఫైతో, లిబ్రాఆఫీస్ లాంటి పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు బిల్డ్ పెడితే గంటలు గంటలు పడుతుంది. అది తప్పు సంస్థ కాదు, మీ మెషీన్‌కి సరిపోని సంస్థ, అంతే. పైథాన్, జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులు మన లాప్‌టాప్‌లకి తేలిక.

మూడో రోజు వినండి. వాళ్ళ చాట్ ఛానెల్‌లో, ఇష్యూల్లో గత రెండు నెలల సంభాషణ చదవండి. కొత్తవాళ్ళు అడిగితే ఎవరైనా జవాబిస్తున్నారా? ఎన్ని రోజులకి? పాత పుల్ రిక్వెస్టులు రివ్యూ లేకుండా నెలలు నెలలు పడి ఉన్నాయా? ఈ మూడో రోజే అసలు డెమో. ప్రాజెక్టు ఎంత గొప్పదైనా మాట్లాడే మనిషి లేకపోతే అక్కడ మనం నేర్చుకునేది తక్కువ.

చివరికి ఒక్కటి, మహా అయితే రెండు ఎంచుకోండి. మూడు ప్రపోజల్స్ పంపే హక్కుంది కదా అని ముగ్గురికీ పైపైన రాసేకంటే ఒక్క చోట లోతుగా ఉండటం మేలు.

తెలుగు వచ్చినవాళ్ళకే కనబడే బగ్గులు

"కొత్తవాళ్ళకి అనువైనది" అని లేబుల్ వేసిన ఇష్యూల మీద ప్రపంచమంతా వాలి ఉంటుంది. పొద్దున పెట్టిన ఇష్యూ సాయంత్రానికి ఎవరో ఒకరు పట్టుకెళ్ళిపోతారు. మనకి మాత్రం ఒక పక్క గుమ్మం ఉంది. అది మన భాష. లిటరరీ క్లబ్ పత్రికలో రాస్తున్నానని పొగడటం లేదు, లెక్కతో చెబుతాను.

"స్త్రీ" అని రాయండి. మన కంటికి ఒక్క అక్షరం. పైథాన్‌ని దీని పొడవు ఎంతంటే 6 అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: యూనికోడ్‌లో ఇవి ఆరు వేర్వేరు కోడ్ పాయింట్లు. ఇప్పుడు ఏదో యాప్‌లో పొడుగు టైటిల్‌ని ఇన్ని క్యారెక్టర్ల దగ్గర కొయ్యి అని ప్రోగ్రామర్ రాశాడనుకోండి. కత్తెర సరిగ్గా ఈ ఆరింటి మధ్యలో పడితే? మూడు దగ్గర తెగితే "స్త" మిగులుతుంది. నాలుగు దగ్గర తెగితే "స్త్". ఇంగ్లీషు మాత్రమే టైప్ చేసేవాళ్ళకి ఈ బగ్ జన్మలో కనబడదు. మనకి చూడగానే కళ్ళలో పొడుచుకుంటుంది.

దీనికి మందు యూనికోడ్‌లోనే ఉంది. యూజర్ ఒక్క అక్షరం అనుకునే ముక్కని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు, దాన్ని ఎక్కడ విడగొట్టాలో రూల్స్ ఉన్నాయి. తమాషా ఏంటంటే, 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ఆ రూల్స్ ప్రకారం కూడా "స్త్రీ" మూడు ముక్కలు. ఆ వెర్షన్‌లోనే దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగు సంయుక్తాక్షరాలని కూడా ఒక్క ముక్కగా ఉంచే రూల్ చేర్చారు. పాత రూల్స్ మీదే నడుస్తున్న లైబ్రరీ కనబడితే అక్కడ మనకి పని ఉన్నట్టే.

పోయిన ఏడాది నా మొదటి ప్యాచ్ సరిగ్గా ఇలాంటిదే. టైటిల్ కత్తిరించే ఫంక్షన్‌ని మార్చి, "స్త్రీ" పెట్టి ఒక టెస్ట్ రాశాను. రివ్యూ చేసినాయన అడిగిన మొదటి ప్రశ్న: "ఒక్క అక్షరానికి ఆరు ఎందుకు?" రెండో తరగతిలో గుణింతాలు దిద్దించిన టీచర్‌ని తలుచుకుని జవాబు రాశాను. స మీద గుడిదీర్ఘం, కింద త వత్తు, ర వత్తు, ఆ వత్తులు రావాలంటే మధ్యలో కనబడని రెండు పొల్లులు. ఇంగ్లీషులో అది చెప్పడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మూడు విడతల రివ్యూ తర్వాత కోడ్ మెర్జ్ అయింది. మార్చిన లైన్లు పదకొండు. అందులో నా ప్రోగ్రామింగ్ తెలివి కన్నా నా వత్తులే ఎక్కువ పనిచేశాయి.

ఇది చిన్న విషయం అనిపిస్తే 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. "జ్ఞా" అనే అక్షరం ఒక కనబడని యూనికోడ్ గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్స్ క్రాష్ అయ్యాయి. ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా అదే పరిస్థితి. ఆ కోడ్ మూసి ఉంది కాబట్టి తెలుగువాళ్ళం చేయగలిగింది ఎదురుచూడటమే. అదే ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో మన వత్తుల్ని సరైన చోట కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఓపెన్ సోర్స్. దాన్ని మనం తెరిచి చదవొచ్చు, బగ్ చెప్పొచ్చు, చేతనైతే దిద్దొచ్చు.

కోడింగ్ ఇంకా రానివాళ్ళకి కూడా ఈ గుమ్మం తెరిచే ఉంటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి నడుస్తోంది. దాని వెనకున్న మీడియావికీ మెనూల తెలుగు మాటలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే సైట్‌లో వాలంటీర్లు రాస్తారు. మన హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా తెలుగులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తోంది. అనువాదంతో మొదలుపెట్టి, బగ్ రిపోర్టులు రాసి, తర్వాత కోడ్‌లోకి దిగొచ్చు.

అడగడం కూడా ఒక విద్య

క్లాసులో డౌట్ అడగని అలవాటు మనది. నలుగురిలో అడిగితే నవ్వుతారని భయం. క్లాసు అయ్యాక సార్ వెనకాల నడుస్తూ అడుగుతాం. ఓపెన్ సోర్స్‌లో ఆ వెనకాల నడవడం కుదరదు. మెంటర్‌కి ప్రైవేట్ మెసేజ్ పెడితే చాలా చోట్ల "అందరి ఛానెల్‌లో అడుగు" అంటారు. జవాబు పదిమందికి పనికొస్తుందని వాళ్ళ ఉద్దేశం.

నేను నా నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్న నమూనా ఇది. ఏం చేద్దామనుకున్నాను, ఏం చేశాను, ఏం వచ్చింది, ఇప్పటికే ఎక్కడెక్కడ వెతికాను. ఈ నాలుగూ రాసి అడిగితే జవాబు వస్తుంది. "సర్ ప్లీజ్ గైడ్ మీ" అంటే రాదు. అక్కడ సర్‌లు, మేడమ్‌లు లేరు, పేరు పెట్టే పిలుస్తారు. మొదట్లో నోరు రాదు, తర్వాత అలవాటవుతుంది. ఇంగ్లీషు తప్పులు పోతాయని భయపడకండి. అక్కడ సగం మందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. చిన్న వాక్యాలు రాయండి, సరిపోతుంది.

చెయ్యకూడనిది కూడా ఒకటి చెప్పాలి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ జరిగినప్పుడు ఒక టీషర్ట్ కోసం వేలమంది రీడ్‌మీ ఫైళ్ళలో ఒకటి రెండు పదాలు మార్చి పుల్ రిక్వెస్టులు గుమ్మరించారు. మెయింటెయినర్లు తట్టుకోలేకపోయారు. నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే రూల్స్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. మనకి పచ్చ చతురస్రం, వాళ్ళకి ఒక ఆదివారం నాశనం. ఏఐతో రాయించి చదవకుండా పంపే ప్యాచ్‌లు, ప్రపోజల్స్ కూడా ఇదే బాపతు. రివ్యూలో "ఈ లైన్ ఎందుకు రాశావు?" అని అడిగితే జవాబు మన దగ్గర ఉండాలి.

ప్రపోజల్

మంచి ప్రపోజల్‌లో ఉండాల్సినవి పెద్ద రహస్యం కాదు. సమస్య ఏంటి, ఇప్పుడు కోడ్‌లో అది ఎక్కడుంది, నేను ఏం మారుస్తాను, చివరికి ఏమేం అప్పగిస్తాను, వారం వారం ప్లాన్, ఇప్పటిదాకా ఆ సంస్థకి నేను చేసినవి. పాత సెలక్టయిన ప్రపోజల్స్ చాలామంది పబ్లిక్‌గా పెట్టారు. జిరాక్స్ షాప్‌లో మెటీరియల్ కొన్నట్టు వాటిని దించకండి. పక్కన పెట్టుకుని, వాళ్ళు సమస్యని ఎంత చిన్న ముక్కలుగా కోశారో చూడండి.

మనవాళ్ళు తరచూ మర్చిపోయేది పరీక్షలు. మిడ్స్ ఎప్పుడు, సెమ్ ఎగ్జామ్స్ ఎప్పుడు, ల్యాబ్ ఇంటర్నల్స్ ఎప్పుడు అన్నది ప్లాన్‌లోనే రాసెయ్యండి. "ఈ రెండు వారాలు వారానికి పది గంటలే ఇవ్వగలను, తర్వాతి వారాల్లో సర్దుతాను" అని ముందే చెప్పిన మనిషిని మెంటర్ నమ్ముతాడు. కొంచెం ఖాళీ వారం కూడా ఉంచండి, ఏ ప్లానూ రాసినట్టు నడవదు.

డ్రాఫ్ట్ గడువుకి కనీసం రెండు వారాల ముందు మెంటర్లకి చూపించండి. అంతకన్నా ముందు తోటివాళ్ళకి చూపించండి. మేం నలుగురం ఆదివారం ఆదివారం పంజాగుట్టలో, ద్వారకాపురి కాలనీలో ఉన్న ఫ్రెండ్ రూమ్‌లో కూర్చుంటాం. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, ఓపికుంటే నడక. ఒకరి ప్రపోజల్ ఇంకొకరు గట్టిగా చదవాలి, రాసినవాడు నోరు మూసుకుని వినాలి. చదివేవాడు ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం మార్చాలి. మా నలుగురిలో ఒకమ్మాయిది ఈసీఈ, ఆమెకి అర్థమయ్యేలా రాస్తే మెంటర్‌కి తప్పకుండా అర్థమవుతుంది. చాయ్ ఖర్చు తప్ప ఫీజు లేదు.

గోడ మీద పోస్టర్ల గురించి

మా హాస్టల్ సందులో ఈ మధ్య ఒక పోస్టర్ వెలిసింది: "ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్, సెలక్షన్ గ్యారంటీ, రెడీమేడ్ ప్రపోజల్స్." ఎవరిదన్నది అనవసరం. ఇలాంటివి రేపు ఇంకో పది వస్తాయి. ఎవరు ఎంత డబ్బు తీసుకున్నా సెలక్షన్ గ్యారంటీ ఇవ్వలేరు. స్లాట్లు వాళ్ళ చేతిలో లేవు, మెంటర్లూ వాళ్ళవాళ్ళు కాదు.

నేను అమీర్‌పేటని తక్కువ చెయ్యడం లేదు. నాకు జావా వచ్చింది ఇక్కడి క్లాసులోనే. నెలకి ఆరున్నర వేల హాస్టల్‌లో ఉండి, రెండు బ్యాచ్‌లకి తిరిగి, ఇంటికి ఉద్యోగం తీసుకెళ్ళిన అన్నల్ని, అక్కల్ని రోజూ చూస్తున్నాను. సిలబస్ ఉన్న ఏ సబ్జెక్టయినా ఇక్కడ చవగ్గా, త్వరగా దొరుకుతుంది. గిట్ నేర్చుకోవాలా, రియాక్ట్ నేర్చుకోవాలా, చేరండి. ఓపెన్ సోర్స్‌కి మాత్రం సిలబస్ లేదు. రేపు ఏ బగ్ వస్తుందో మెంటర్‌కే తెలీదు. ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ కొన్ని గదుల్లో ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడా కొనుక్కోవచ్చని మనందరికీ తెలుసు. కమిట్ హిస్టరీ అలా కొనడానికి వీల్లేదు. ఏ రోజు ఏం రాశాం, ఎవరు ఏం అడిగారు, మనం ఏం జవాబిచ్చాం, అన్నీ తేదీలతో సహా అందరికీ కనబడుతూ ఉంటాయి. కొనలేం కాబట్టే దానికి విలువ.

రాకపోతే?

పోయిన ఏడాది నేను రాసిన ప్రాజెక్టుకి ఒక్కరినే తీసుకున్నారు. ఆ అబ్బాయి నాకన్నా ఏడాది ముందు నుంచి అక్కడ పనిచేస్తున్నాడు. మెయిల్ చదివాక రెండు రోజులు మనసు బాగోలేదు, దాచడమెందుకు. ఇంట్లో అమ్మకి చెబితే, "మరి ఇన్నాళ్ళూ రాత్రులు మేలుకుని చేసిందంతా పోయినట్టేనా?" అంది. పోలేదని ఆమెకి చెప్పడానికి కూర్చుని లెక్కేశాను. మెర్జ్ అయిన ప్యాచ్‌లు మూడు. వేరేవాళ్ళు రాసిన కోడ్ భయం లేకుండా చదవడం వచ్చింది. ముక్కూ మొహం తెలీని మనిషితో ఇంగ్లీషులో వాదించి ఒప్పించడం వచ్చింది. జూన్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో నా రెజ్యూమె పక్కన పెట్టి ఆ మూడు ప్యాచ్‌ల గురించే అరగంట మాట్లాడారు.

జీసాక్ ఒక్కటే కాదు కూడా. లినక్స్ ఫౌండేషన్ వాళ్ళ ఎల్ఎఫ్ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదిలో ఒకటికన్నా ఎక్కువసార్లు ఉంటుంది. టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొనేవాళ్ళ కోసం అవుట్‌రీచీ ఏడాదికి రెండుసార్లు నడుస్తుంది, మన అమ్మాయిలు తప్పకుండా చూడాలి. ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఒక సంస్థలో చేసిన పని వీటన్నిటికీ పనికొస్తుంది.

కాబట్టి ఫిబ్రవరి కోసం చూడకండి. ఈ వారంలో మీరు రోజూ వాడే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెరవండి. అందులో మీ పేరు తెలుగులో టైప్ చెయ్యండి. వెతకండి, కత్తిరించండి, బ్యాక్‌స్పేస్ కొట్టండి, ప్రింట్ ప్రివ్యూ చూడండి. ఎక్కడ వత్తు విరిగిందో, ఎక్కడ గుడి ఊడిపోయిందో రాసుకోండి. అదే ఇష్యూ ఎవరైనా ముందే పెట్టారేమో వెతకండి. లేకపోతే నాలుగు వాక్యాల్లో మీరే పెట్టండి. దానికి వచ్చిన మొదటి జవాబు నాకు కూడా చూపించండి, ఆదివారం పంజాగుట్టలో కూర్చుని కలిసి చదువుదాం.